గృహవిజ్ఞానము: మూడు గిలకల నుయ్యి

పోయిన మాసమున మాకు చేరిన జాబులలో గుంటూరునుండి ఒక సోదరి వ్రాసిన జాబు మమ్ము కొంత కలతపెట్టినది. వారిది మూడంతస్తుల మేడ. క్రింది భాగమున ఆమెయు, భర్తయు, ఎనుబదియేండ్లు దాటిన అత్తగారును ఉందురు. నడిమి అంతస్తున కోడలు ఇంటినుండియే ఉద్యోగము చేయుచున్నది. పైగదిలో మనుమరాలు ప్రవేశపరీక్షకు సిద్ధపడుచు కంప్యూటరులో పాఠములు వినుచున్నది.

మొదట వారింట వైఫై పెట్టె ఒక్కటియే యుండెను. అది పైఅంతస్తునకు సరిగా అందలేదని దసరా పండుగకు మఱి రెండు కొనిరి. పెట్టెలు మూడైనవి గాని సుఖము పెరుగలేదు. సాయంకాలము ఏడు గంటలు దాటినది మొదలు పాఠము నడుమ నడుమ ఆగిపోవును. కోడలు మాటలాడుచుండగా ఎదుటివారికి సగము మాటలే వినబడును. అత్తగారు ప్రతిరాత్రి ఎనిమిది గంటలకు అమెరికాలోని చిన్నకుమారునితో వీడియోలో మాటలాడుట వాడుక. ఒకనాడు మనుమరాలు విసిగి, "తాతమ్మ ఫోను పట్టినంతసేపును నా పాఠము నడవదు" అన్నదట. ఆ పెద్దామె మాఱుమాట యాడక ఫోను క్రింద పెట్టి, "బిడ్డ చదువుకంటె నా ముచ్చట యెక్కువా?" అని, నాటినుండి కుమారునితో మాటలాడుట మానుకొన్నది.

"నాలుగవ పెట్టె కొనవలయునా? అత్తగారి ఫోను నిట్లే మానిపింపవలయునా? మీరే చెప్పుడు" అని ఆ సోదరి మమ్ము అడిగినది.

రెండును వలదని మేము వెంటనే వ్రాసితిమి. అట్లేల వ్రాసితిమో, ఆమెచే ఏమి చేయించితిమో మన సోదరీమణు లందఱికి ఉపయోగపడునని ఇచట వివరించుచున్నాము.

నూతికడ మర్యాద

పల్లెలలో పెద్ద నూతులకు రెండు మూడు గిలకలుండుట మనలో చాలమందికి జ్ఞాపకముండును. ఒక గిలకకడ ఇద్దఱు చేరినచో ఒకరు తోడుకొనువఱకు రెండవవారు ఆగుదురు. కొంత ఆలస్యమగును గాని ఇద్దఱి కడవలును నిండును. ఎవరైన రెండు గిలకల నడుమ సందున చేద విడిచినచో ఇరుప్రక్కల చేంతాళ్లును దానితో చిక్కుపడును. అప్పుడు ముగ్గురికిని నీరు దొరకదు.

వైఫై సంగతియు నిట్టిదే. అది తీగలేని రేడియో సంభాషణము. వీధినుండి వచ్చు తీగను రూటరు అందుకొనును. అచటినుండి ఫోనులతోను కంప్యూటరులతోను గాలిలోనే మాటలు నడచును. ఒక పెట్టె చాలని యింట అదనముగ అమర్చు పెట్టెలను యాక్సెస్ పాయింట్లందురు. ప్రతి పెట్టెయు ఏదో యొక చానెలుపై మాటలాడును. ఆ చానెలే మన గిలక.

ఈ యంత్రములకును మర్యాద కలదు. ప్రతి పెట్టెయు, ప్రతి ఫోనును నోరు విప్పుటకు ముందు చెవియొగ్గి వినును. తన చానెలుపై మఱియొకరు మాటలాడుచున్నచో ఆగి, పిదప తన వంతు పుచ్చుకొనును. కాని ప్రక్క చానెలు మాటలు దానికి మాటలుగా తెలియవు. వట్టి రొదగా వినవచ్చును. అందుచే వంతులు చెడును. చెడిపోయిన ముక్కనే మరల మరల పంపవలసివచ్చును. పాఠము నడుమ బొమ్మ నిలిచిపోవుటకు ఇదియొక ముఖ్యకారణము.

పదుమూడు అంకెలు, మూడే గిలకలు

పాతకాలమునుండి వైఫై నడుచు పట్టీ 2.4 గిగాహెర్ట్జులది. చిన్న శక్తిగల యంత్రములకు ఈ పట్టీని లైసెన్సు లేకుండ వాడుకొనవచ్చునని మన ప్రభుత్వము 2005 సంవత్సరమున నియమము చేసినది. ఇందు మనకు 1 మొదలు 13 వఱకు చానెళ్లు గలవు. పదుమూడు గలవు గదా, ఇంటికొక్కటి పుచ్చుకొన్నను చాలునని తోచవచ్చును. కాని ఆ అంకెలు మనలను మోసపుచ్చును. ఒక చానెలునకును దాని తరువాతి చానెలునకును దూరము 5 మెగాహెర్ట్జులే. మాటలాడు పెట్టె ఆక్రమించు వెడల్పో, సుమారు 20 మెగాహెర్ట్జులు. కావున 3వ చానెలుపై నున్న పెట్టె ఇటు 1ని, అటు 6ను గూడ ఒరసికొనుచుండును.

ఒకదాని నొకటి తాకకుండ నడువగలవి 1, 6, 11 అను మూడే. వాని స్థానములు వరుసగా 2412, 2437, 2462 మెగాహెర్ట్జులు. ఒకదానికొకటి 25 దూరము. కొన్ని దేశములలో 1, 5, 9, 13 అని నాలుగు వాడువారును గలరు. కాని అమెరికానుండి తెచ్చిన ఫోనులును కంప్యూటరులును కొన్ని 12, 13 చానెళ్లను గుర్తింపజాలవు. ఇరుగుపొరుగు లెల్లరు 1, 6, 11 మీద నుండగా మన మొక్కరము 5, 9 పుచ్చుకొనుటయు సందున చేద విడుచుటయే యగును.

ఇందుండి గ్రహింపవలసిన నీతి యొకటి కలదు. పొరుగువారు 1 మీదను 6 మీదను ఉన్నారని, ఖాళీగా గనుపించు 3ను గాని 4ను గాని ఎన్నుకొనరాదు. 11 మీద తావు లేనిచో, ఆ మూడింటిలో రద్దీ తక్కువగా నున్న దానిపైననే, పొరుగువారితో వంతు పంచుకొనుట మేలు.

వినుటతో ఆరంభింపవలెను

మేము ఆ సోదరిని మొట్టమొదట ఏమియు మార్పవలదని కోరితిమి. చుట్టునున్న వైఫైలు ఏ చానెలుపై నెంత బలముగ వినవచ్చుచున్నవో పటముగా చూపు ఉచిత సాధనములు ఆండ్రాయిడు ఫోనులకు దొరకును. అట్టి దానిని ఫోనులో చేర్చుకొని, రాత్రి ఎనిమిది గంటలకు, అనగా అందఱును వాడుచుండు వేళ, ప్రతి గదిలో నిలిచి చూచి, పచారు చిట్టా పుస్తకములోనే వ్రాసికొమ్మంటిమి. మధ్యాహ్నము నిశ్శబ్దముగ నున్నపుడు చూచినది రాత్రికి పనికిరాదు.

బలమును ఆ సాధనములు ఋణసంఖ్యలతో చూపును. సున్నకు దగ్గఱైనకొలది బలమెక్కువ. మైనస్ 50 మిక్కిలి మంచిది. మైనస్ 67 వఱకు వీడియో మాటలు చక్కగ నడుచును. మైనస్ 80 చేరినచో మాట తెగుట సాధారణము.

నాలుగు దినములకు ఆమె పట్టిక మాకు వచ్చినది. సొంత పెట్టెలలో రెండు 6వ చానెలుపైనను, పైఅంతస్తుది 4వ చానెలుపైనను ఉన్నవి. పైదాని వెడల్పు 20 గాక 40 మెగాహెర్ట్జులుగ పెట్టబడియున్నది. అనగా ఒక్కరే రెండు గిలకల తావు నాక్రమించినట్లు. ఇంటిలోని మూడు పెట్టెలే ఒకదాని చేంతాటి నొకటి చిక్కుపెట్టుకొనుచున్నవి! వెలుపలి యిండ్లలో ఎక్కువమంది 1 మీదను, కొందఱు 6 మీదను. 11 మీద నిద్దఱే, వారును దూరముననున్నవారు.

ఆ యింటికి వచ్చు కనెక్షను సెకనునకు 100 మెగాబిట్లది. ఒక వీడియో మాటకు సాధారణముగ ఒకటి రెండు మెగాబిట్లు చాలును. ఆ పెద్దామె తోడుకొన్నది చెంబెడు నీరు. చేంతాళ్ల చిక్కును చూచినవారు లేక, నేరము ఆమె చెంబుపై పడినది.

ఇచట ఒక్కమాట చెప్పవలెను. పెట్టెకు మిక్కిలి దూరముననుండు ఫోను మెల్లగ మాటలాడును. అందుచే చెంబెడు నీటికే గిలకను చాలసేపు పట్టుకొనును. ఆ పెద్దామె కూర్చుండు మంచము వంటింటికి ఆవల, ఇనుప బీరువా చాటున నున్నదట. రేడియో తరంగములకు ఇనుము గోడవంటిది. పెట్టెను నాలుగడుగులు జరిపి బీరువాకు ఎదుటి గోడను ఎత్తుగ పెట్టగా ఆ కొఱతయు తీఱినది.

పంచిన విధము

2.4 పట్టీలో క్రింది పెట్టెకు 1, నడిమిదానికి 11, పైదానికి 6 అని పంచితిమి. వెడల్పు మూడింటికిని 20 మాత్రమే. క్రింది అంతస్తునకు 1 ఇచ్చుటకు కారణమేమనగా, ఆ చానెలు వాడు పొరుగువారి ధ్వని అచట గోడలచే తగ్గియున్నది. మేడమీద మాత్రము బలముగ వినవచ్చుచున్నది. పెట్టెలు నాలుగైదుండు యిండ్లలో ఒక చానెలును రెండుమారులు వాడక తప్పదు. అప్పుడు ఒకే చానెలు గలవానిని ఇంటిలో మిక్కిలి దూరపు మూలలందు ఉంచవలెను. పైఅంతస్తు పెట్టెయు దాని సరిగా క్రింద నున్నదియు పొరుగులే యని మఱవరాదు.

క్రొత్త ఫోనులును కంప్యూటరులును 5 గిగాహెర్ట్జుల పట్టీని గూడ వాడగలవు. 2018లో మన ప్రభుత్వము ఈ పట్టీలో 605 మెగాహెర్ట్జుల మేర లైసెన్సు లేకుండ విడిచినది. ఈ తరంగములు గోడలను దాటుటలో బలహీనములు. కాని గిలకలు చాల గలవు. బలహీనతయే ఇచట గుణము: పొరుగింటి రొద మనకు తక్కువగ వచ్చును. అందుచే పాఠములను, ఉద్యోగమును, వీడియో మాటలను ఈ పట్టీకి మార్చి, 2.4 పట్టీని పాతఫోనులకును, దీపములు గంటలు మొదలగు చిన్న సాధనములకును విడుచుట మంచిది.

ఇందును వెడల్పు విషయమై అత్యాశ పడరాదు. పెట్టెలు చాలభాగము 80 మెగాహెర్ట్జుల వెడల్పుతో వచ్చును. అంత వెడల్పున 36 మొదలు 48 వఱకు ఒక్క గిలక, 149 మొదలు 161 వఱకు మఱియొక్క గిలక యగును. మూడు పెట్టెలకు రెండు గిలకలు చాలవు. 40కి తగ్గించినచో 36–40, 44–48, 149–153, 157–161 అని నాలుగు గిలకలు దొరకును. మేము క్రింద 36, నడుమ 149, పైన 44 అని పెట్టించితిమి. గొప్ప వేగము కొంత తగ్గును గాని మాట తెగదు. ఇంటిలో కావలసినది మాట తెగకుండుటయే గదా.

52 మొదలు 144 వఱకుగల చానెళ్లును గలవు. కాని వానిలో రాడారులకు మొదటి హక్కు. వాతావరణమును కనిపెట్టు రాడారులును వానిలోనివే. ఆ చానెలుపై ఎక్కుటకు ముందు పెట్టె కనీసమొక నిముషము ఊరకుండి వినవలెను. నడుమ రాడారు ధ్వని తగిలినచో వెంటనే ఖాళీచేసి పోవలెను. విమానాశ్రయమునకో ఓడరేవునకో దగ్గఱనున్నవారు పరీక్షల దినములలో వీనిని నమ్ముకొనకుండుట మేలు.

వంటింటి పెట్టెయు, నటి యొక్క యూహయు

మైక్రోవేవు పొయ్యి సుమారు 2450 మెగాహెర్ట్జులపై పనిచేయును. అది సరిగా 2.4 పట్టీ నడుమ. తలుపు మూసియున్నను దానినుండి వెలువడు స్వల్పాంశము దగ్గఱి వైఫైకి రొదయగును. ఆరోగ్యమునకు భయము లేదు గాని, పెట్టెను వంటింటిలో పెట్టరాదు.

బ్లూటూతు సాధనములును ఈ పట్టీలోనివే. అవి ఒకచోట నిలువక సెకనునకు 1600 మారులు చానెలునుండి చానెలునకు దుముకుచు రద్దీని తప్పించుకొనును. ఇట్లు దుముకు నూహతో నౌకాయుద్ధపు టార్పెడోలను నడపవచ్చునని సినిమానటి హెడీ లమార్, సంగీతకర్త జార్జి యాంథీల్‌తో కలసి 1942లో అమెరికాలో పేటెంటు పొందినది. వైఫైని ఆమెయే కనిపెట్టినదనుట అతిశయోక్తి. నేటి వైఫై అట్లు దుమకదు గూడను. అయినను, రేడియో సంగతులు స్త్రీల కేలయని యడుగువారికి చెప్పదగిన సమాధానమే యిది.

గొంతు తగ్గించుట

పెట్టెల శక్తి నెంత పెంచిన అంత మేలనుకొనువారు గలరు. పెట్టె గట్టిగా అరచినను ఫోను గొంతు చిన్నదే. పెట్టె మాట ఫోనునకు చేరును, ఫోను బదులు పెట్టెకు చేరదు. మఱియు, ఏ పెట్టెతో మాటలాడవలయునో నిర్ణయించునది ఫోనే. క్రింది పెట్టె ధ్వని పైగదివఱకు వినవచ్చుచున్నంతకాలము ఫోను దానినే పట్టుకొని వ్రేలాడును. ప్రక్కనే పెట్టె యున్నను మాఱదు. కావున 2.4 పట్టీ శక్తిని మధ్యమమునకు తగ్గింపవలెను. మూడు పెట్టెలకును పేరును రహస్యపదమును ఒక్కటిగనే యుంచి, చానెళ్లు మాత్రము వేఱుచేయవలెను. అప్పుడు మెట్లెక్కునపుడు ఫోను తానే దగ్గఱి పెట్టెకు మాఱును.

పెట్టెల నడుమ తీగ వేయుట అన్నిటికంటె శ్రేష్ఠము. తీగలేక ఒకదానినుండి ఒకటి గాలిలోనే అందుకొను మెష్ పెట్టెలు, తమలో తాము మాటలాడుటకు ఒకే చానెలుపై నుండక తప్పదు. అట్టివానికి మనము వేఱువేఱు చానెళ్లు పంచలేము. మేడకట్టునపుడే గోడలలో గొట్టములు విడిచి తీగ వేయించుకొన్నచో పిదప చింత యుండదు.

కొన్ని పెట్టెలు తమ చానెలును తామే ఎన్నుకొనును. ఒకే యజమాని చేతిక్రింద నడుచు పెట్టెలైనచో అది బాగుగనే జరుగును. వేఱువేఱుగా కొన్నవైనచో, కరెంటు పోయి వచ్చినపుడు అన్నియు ఒక్కసారి మేల్కొని, ఒకదాని నొకటి వినకమునుపే ఒకే చానెలును పట్టుకొనుట కలదు. అట్టివానికి మనమే అంకె నిర్ణయించుట మంచిది.

ఇంకొక హెచ్చరిక. చానెలు మార్చుట సర్వరోగనివారిణి కాదు. రూటరునకు కంప్యూటరును తీగతో తగిలించి చూడవలెను. అప్పుడును మెల్లగ నున్నచో లోపము వీధినుండి వచ్చు తీగది. ఇంటిలో ఎన్ని మార్చినను ఫలము లేదు.

ఆమె చేసిన పని

ఈ మార్పులకు పనివానిని పిలువవలయునా యని ఆ సోదరి సందేహించినది. అక్కఱలేదంటిమి. పెట్టె యడుగున అంటించిన కాగితముపై దాని చిరునామా, 192.168.1.1 వంటిది, వ్రాసియుండును. ఫోనులో దానిని తెఱచి, వైర్‌లెస్ అను భాగమున చానెలు, వెడల్పు, శక్తి అను మూడింటిని మార్చుటయే పని. మొదట పాత అంకెలను వ్రాసి పెట్టుకొని, ఒక్కొక్కటిగ మార్చి, ప్రతి మార్పునకు రెండు దినములు వేచి చూడుమంటిమి. అన్నియు ఒక్కసారి మార్చినవారికి మేలు చేసినదేదో కీడు చేసినదేదో తెలియదు.

ఆమె ఇంకొక మంచిపనియు చేసినది. ప్రక్కయింటి పెట్టె 9వ చానెలుపై నుండి 6ను 11ను గూడ చెఱచుచున్నట్లు కనుగొని, గోడమీదుగ ఆ యింటి యిల్లాలిని పిలిచి, పటము చూపి, ఆ పెట్టెను గూడ 11కు మార్పించినది. ఆ యిల్లాలును తమ యింటగూడ సాయంకాలము మాటలు తెగుచుండెనని, కారణ మిన్నాళ్లు తెలియలేదని సంతసించినదట. అపార్టుమెంట్లలో నివసించువారికి ఇట్టి మాటపొందిక మఱింత యవసరము. అచట గాలి అందఱికిని ఉమ్మడి నుయ్యి.

మొన్న వచ్చిన జాబులో ఆమె యిట్లు వ్రాసినది: పాఠము ఇప్పుడు ఆగుట లేదు. కోడలు మాట స్పష్టముగ వినబడుచున్నదట. పైగదిలో వానవేళ ఒకటి రెండుమారులు తెగినది గాని, అది వీధితీగ లోపమని తేలినది. నాలుగవ పెట్టె సొమ్ము మిగిలినది. మనుమరాలు తానే ఫోను తీసికొనిపోయి ముత్తవ మంచముకడ కూర్చుండి, "నా వలన పొరబాటైనది, తాతమ్మా" అని, చిన్నతాతగారికి తానే పిలుపు చేసినది. ఆ రాత్రి ఆ పెద్దామె గంటసేపు మాటలాడినదట. పైన పాఠమును నడచినది.

ఇంటిలో ఏదైన చాలకున్నపుడు మొట్టమొదట తన వంతు విడిచిపెట్టునది తఱచుగా ఆ యింటి స్త్రీయే, అందును వృద్ధురాలే. ఆ త్యాగమును మేము తక్కువచేయుట లేదు. కాని త్యాగమునకు ముందు లెక్క చూడవలెను. నుయ్యి నిండుగనే యుండి చేంతాళ్లు మాత్రమే చిక్కుపడియున్నపుడు, దాహముతో ఊరకుండుట కంటె చిక్కు విప్పుట యెక్కువ పుణ్యము. సోదరీమణులు తమ యిండ్ల పటమును, పెట్టెలున్న తావులను, రాత్రివేళ కనిపించిన చానెళ్లను వ్రాసి పంపినచో, మాకు తెలిసినంతవఱకు ఈ శీర్షికయందే సమాధాన మిచ్చుచుందుము.